లండన్ వేలానికి తాతగారి నాణేలు పంపాలి, కొరియర్ వాళ్లు వద్దంటున్నారు. దారేమిటి?

తెనాలి_రామ్
మా తాతగారు నిజాం రైల్వేలో చేసి కాచిగూడలో రిటైరయ్యారు. ఆయన ఇనప్పెట్టెలో ఒక గుడ్డసంచి దొరికింది. విక్టోరియా, ఎడ్వర్డ్, జార్జి బొమ్మల వెండి రూపాయలు వంద దాకా, చార్మినార్ బొమ్మ ఉన్న హైదరాబాద్ రూపాయలు ముప్ఫై పైన, ఒక అష్రఫీ, అంటే బంగారు నాణెం. చెల్లెలు లండన్‌లో ఉంటుంది. అక్కడ ఒక వేలం సంస్థకి ఫొటోలు పంపితే అష్రఫీకి వాళ్లు చెప్పిన అంచనా మా ఊరి బంగారం షాపు చెప్పినదానికంటే చాలా ఎక్కువ ఉంది. ఇక్కడ రెండు కొరియర్ ఆఫీసులకి వెళ్లాను, నాణేలు అనగానే ఇద్దరూ తీసుకోం అన్నారు. మూడోవాడు మాత్రం "ఇత్తడి గుండీలు అని రాసి పంపేద్దాం సార్, ఎవరు చూస్తారు" అంటున్నాడు. నాకది నచ్చలేదు. ప్యాకింగ్ ఎలా చేయాలి, ఇన్సూరెన్స్ ఎలా, కస్టమ్స్ కాగితంలో ఏం రాయాలి? చెల్లెలు సంక్రాంతికి వస్తోంది, తన చేతికిచ్చి పంపేస్తే సరిపోతుందా?

పాతరూపాయి
ప్యాకింగ్ సంగతి తర్వాత. ముందు ఒక్కో నాణెం మీద ఏ సంవత్సరం ఉందో కాగితం మీద రాసుకోండి. వందేళ్లు దాటిన నాణెం మన చట్టం లెక్కలో పురావస్తువు, దేశం దాటించకూడదు. కొరియర్‌లో పంపినా చెల్లెలి హ్యాండ్‌బ్యాగ్‌లో పంపినా ఒకటే.

కర్నూలు_వజ్రం
మొదలుపెట్టారు చట్టాలు. ఈబే తెరిచి చూడండి, విక్టోరియా రూపాయలు వందల్లో కనిపిస్తాయి. వాటికి రెక్కలొచ్చి ఎగిరిపోయాయా? మా ఫ్రెండ్ ఉత్తరం కవర్లో అట్టముక్కకి అంటించి పంపుతాడు, ఇంతవరకు ఏం కాలేదు.

లండన్_గోదారి
వజ్రం గారూ, ఇక్కడ అమ్ముడయ్యేవన్నీ ఇండియా నుంచి నిన్న మొన్న వచ్చినవి కావు. ఇంగ్లీషు అధికారులు, మిలిటరీ వాళ్లు రెండు శతాబ్దాల పాటు పట్టుకొచ్చుకున్నవి వాళ్ల మనవళ్లు అమ్ముకుంటున్నారు. పాత సేకరణల్లోంచి వచ్చాయని కాగితం ఉంటుంది. అలాంటివి అమ్మడం వేరు, ఇవాళ తెనాలి నుంచి కవర్లో రావడం వేరు. ఇప్పుడు పేరున్న సంస్థలు "ఇది మీ చేతికి ఎలా వచ్చింది, ఏ సంవత్సరంలో ఆ దేశం దాటింది" అని అడుగుతున్నాయి. రామ్ గారి చెల్లెలు ఏం రాసిస్తారు? పోయిన పండక్కి అన్నయ్య ఇచ్చాడనా?

సుంకం_మామయ్య
ముప్ఫై ఏళ్లు కస్టమ్స్ క్లియరింగ్ ఏజెంటుగా చేసినవాణ్ని కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

చట్టం పేరు పురావస్తువులు, కళానిధుల చట్టం, 1972. అమల్లోకి వచ్చింది 1976 ఏప్రిల్ 5న. అంతకుముందు కూడా ఎగుమతి మీద ఆంక్షలు 1947 చట్టం కింద ఉండేవి. ఈ చట్టంలో పురావస్తువు నిర్వచనంలో "నాణెం" అన్న మాట విడిగా రాసి ఉంది. వందేళ్లకి తక్కువ కాకుండా ఉనికిలో ఉన్న ఏ నాణెమైనా పురావస్తువే. రాతప్రతులకైతే 75 ఏళ్లే. దాన్ని కేంద్ర ప్రభుత్వం గానీ, అది అధికారమిచ్చిన సంస్థ గానీ తప్ప మరెవరూ ఎగుమతి చేయకూడదు. లైసెన్సు తెచ్చుకుని పంపుతానంటే ప్రైవేటు మనిషికి ఆ తలుపు లేదు. ఉల్లంఘిస్తే ఆరు నెలలకి తగ్గకుండా మూడేళ్ల వరకు జైలు, జరిమానా, దాంతోపాటు కస్టమ్స్ చట్టం కింద సరుకు జప్తు.

ఇందులో జనం పట్టించుకోని సంగతి ఒకటుంది. వందేళ్లు అన్నది కదిలే గీత. నేను పనిలో చేరినప్పుడు ఎడ్వర్డ్ రూపాయికి ఏ అడ్డూ లేదు. ఇప్పుడు ఐదో జార్జి నాణేల్లో కూడా చాలా భాగం గీత దాటేశాయి. ఏటా ఒక సంవత్సరం నాణేలు అటు వెళ్తుంటాయి.

"గుండీలు" అని రాయడం గురించి. కస్టమ్స్ వాళ్లు ఎక్స్‌రేలో చూస్తారు. గుండ్రంగా, చిక్కగా, ఒకే మందంలో ఉన్న వెండి బిళ్లలు గుండీల్లా కనపడవు. నిజం రాస్తే సరుకు ఆగుతుంది. అబద్ధం రాస్తే సరుకు ఆగటమే కాదు, మీకు తెలిసే చేశారని రుజువు కూడా మీ సంతకంతోనే దొరుకుతుంది. పైగా దారిలో పోతే గుండీల విలువే చేతికొస్తుంది.

చార్మినార్_ఐన్
మామయ్య గారు చెప్పినదానికి ఒక ముక్క కలుపుతా. కస్టమ్స్ కోడే ఆ ప్రశ్న అడుగుతుంది. 9705 కింద సేకరణ నాణేలకి రెండు విడి కోడ్‌లున్నాయి, వందేళ్లు దాటినవి 970531, మిగతావి 970539. ఫారం నింపేటప్పుడే వయసు చెప్పాల్సొస్తుంది.

రామ్ గారూ, హైదరాబాద్ రూపాయలు నా లోకం, వాటి గురించి నన్నడగండి. చార్మినార్ మధ్య గుమ్మంలో ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది చూడండి. "మీమ్" ఉంటే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ది, "ఐన్" ఉంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది. మహబూబ్ 1911లోనే పోయారు, అంచేత మీమ్ ఉన్నదేదైనా కళ్లు మూసుకుని వందేళ్లు దాటిందని రాసుకోవచ్చు. ఐన్ ఉన్నవాటికి సంవత్సరం చదవాలి.

తెనాలి_రామ్
గుమ్మంలో అక్షరం ఉందని ఇన్నాళ్లూ గమనించనే లేదు. భూతద్దం పెట్టి చూశా, అన్నిట్లోనూ ఒకటే గుర్తు, కొక్కెంలా ఉంది. అంకెలు మాత్రం చదవడం రావట్లేదు.

చార్మినార్_ఐన్
కొక్కెంలా ఉందంటే ఐన్. అంకెలు ఇలా గుర్తుపెట్టుకోండి. నిలువు గీత ఒకటి. సున్నా అంటే చుక్క. గుండ్రంగా మన సున్నాలా ఉంటే ఐదు. ఇంగ్లీషు 7ని అద్దంలో చూసినట్టుంటే అది ఆరు. పైకి తెరుచుకున్న గరాటా ఏడు, దాన్ని బోర్లిస్తే ఎనిమిది. నాలుగంకెలుంటే అది హిజ్రీ సంవత్సరం, ఒకటి రెండు అంకెలుంటే పాలనా సంవత్సరం. 92 అని కూడా కనిపిస్తుంది, దాన్ని సంవత్సరం అనుకోకండి.

హిజ్రీ 1330 అంటే 1911 డిసెంబరు చివర్లో మొదలైంది. 1337 మొదలైంది 1918 అక్టోబరులో. 1344 మొదలైంది 1925 జులైలో. 1362 అంటే 1943. 1344, 1345 ప్రాంతాలవి ఉంటే నెలలతో సహా చూసుకోవాలి.

డల్లాస్_శ్రీను
ఐన్ అన్నా, ఇది ఎక్కడో ఒకచోట పిన్ చేసి పెట్టండి. మా నాన్న దగ్గర ఉన్న నాలుగు రూపాయలు ఏ సంవత్సరానివో ఈ లెక్కతో ఇప్పుడే తేల్చేశా.

కర్నూలు_వజ్రం
సరే, చట్టం ఉంది, ఒప్పుకున్నా. కానీ న్యాయంగా ఆలోచించండి. విక్టోరియా, ఎడ్వర్డ్ రూపాయలు కోట్లలో కొట్టారు. ఈ రోజుక్కూడా ఏ సరాఫా బజారుకెళ్లినా దోసిళ్లతో కొలిచి ఇస్తారు. వాటినీ గుప్తుల బంగారు దీనారునీ ఒకే గాటన కట్టి, అదీ ఇదీ పురావస్తువే అంటే ఎలా? వాటిని రోజూ కంసాలి కరిగించి పట్టీలు చేస్తున్నాడు, దానికి అడ్డు లేదు. బయటి దేశంలో ఒకడు ముచ్చటపడి దాచుకుంటానంటే మాత్రం నేరం.

పాతరూపాయి
ఇందులో మాత్రం వజ్రంతో నేను నూరుపాళ్లు. నాణేల సంఘాల వాళ్లు ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నది ఇదే. అరుదైనవి, తవ్వకాల్లో దొరికినవి కాపాడండి, చలామణీలో కోట్లలో తిరిగినవాటిని వదిలేయండి అని. 2017లో కొత్త చట్టం ముసాయిదా ఒకటి జనం ముందు పెట్టారు, దేశం లోపల అమ్మకాలు సులువు చేస్తామన్నారు. అది చట్టం కాలేదు. 1972ది మారేదాకా 1972దే.

సుంకం_మామయ్య
చట్టం బాగాలేదనడం వేరు, లేదనుకుని నడవడం వేరు. వజ్రం ముందన్నది లేదనుకుని నడవడం, ఇప్పుడంటున్నది బాగాలేదనడం. ఇప్పటిదానికి నేనూ సంతకం పెడతా.

భాగ్యనగరం_లత
హైదరాబాద్ నాణేలు, విదేశీ వేలం అన్నారు కాబట్టి పెద్ద నాణెం గురించి చెప్పకుండా ఉండలేను. 1987 నవంబరులో జెనీవాలో ఒక వేలానికి జహంగీర్ వెయ్యి మొహర్ల (మొహరంటే మొగలాయి బంగారు నాణెం) నాణెం వచ్చింది. 1613లో ఆగ్రాలో కొట్టినది, బరువు దాదాపు 12 కిలోలు. ఒక నాణెం పన్నెండు కిలోలు! పళ్లెమంత ఉంటుంది. అది చివరగా నిజాం వంశం చేతిలో ఉందని, ముకర్రం జాకి వారసత్వంగా వచ్చిందని చెప్పుకున్నారు. మన ప్రభుత్వానికి తెలిసి సీబీఐ రంగంలోకి దిగింది. నాణెం అక్కడ అమ్ముడుపోలేదు, వెనక్కీ రాలేదు. 2022లో కేంద్రం మళ్లీ వెతుకులాట మొదలుపెట్టిందని పేపర్లలో వచ్చింది. అంత పెద్దది దేశం ఎలా దాటిందో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. హైదరాబాద్‌లో పుట్టిపెరిగినదాన్ని, అది ఒక్కసారి సాలార్‌జంగ్ మ్యూజియంలో అద్దం వెనక చూడాలని నా కోరిక.

అనకాపల్లి_బెల్లం
లత గారూ, దాన్ని హ్యాండ్‌బ్యాగ్‌లో పెడితే విమానం వాళ్లు బరువు ఎక్కువైందని డబ్బులు కట్టించుకునేవాళ్లు.

నాదొక ప్రశ్న. నా దగ్గర 1939 ఆరో జార్జి రూపాయి ఉంది. అది అరుదు అంటారు. వందేళ్లు కాలేదు కదా, పంపొచ్చా?

పాతరూపాయి
పంపడానికంటే ముందు అది 1939దేనా చూడండి. దీనికున్నంత దొంగ సరుకు ఇంకే రూపాయికీ లేదు. 1938 రూపాయి మీది 8ని చెక్కి 9 చేస్తారు. పది రెట్ల భూతద్దంతో ఆఖరి అంకె చుట్టూ చూడండి, లోహం గీరినట్టు, మిగతా నేలకంటే మెరుపు తేడాగా ఉంటే వదిలేయండి. అంచు కూడా చూడండి. 1939కి మామూలు నిలువు గీతలే ఉండాలి. అంచు మధ్యలో గాడిలా ఉండి అందులో నగిషీ కనిపిస్తే అది 1940 తర్వాతి రకం, అందులో వెండి సగమే. పాతదానిలో 91.7 శాతం. బరువు రెండూ 11.66 గ్రాములే, అంటే సరిగ్గా తులం, కాబట్టి తూకంతో తేలదు.

సుంకం_మామయ్య
నిజమైనదైతే పంపొచ్చు, కానీ చేతులూపుకుంటూ కాదు. ఏఎస్‌ఐ నుంచి "ఇది పురావస్తువు కాదు" అని సర్టిఫికెట్ తెచ్చుకోండి. ఏఎస్‌ఐ అంటే పోలీస్ స్టేషన్ ఏఎస్‌ఐ కాదు, కేంద్ర పురావస్తు శాఖ. హైదరాబాద్‌లోనూ అమరావతి సర్కిల్‌లోనూ ఆఫీసులున్నాయి. రెండు వైపులా ఫొటోలు, బరువు, వ్యాసం, కొలతలు రాసి దరఖాస్తు ఇస్తే నిపుణుల కమిటీ చూస్తుంది. నాణెం మీదే సంవత్సరం అచ్చయి ఉంటుంది కాబట్టి విగ్రహాలంత తంటా ఉండదు. వివాదం వస్తే ఏఎస్‌ఐ డైరెక్టర్ జనరల్ మాటే ఆఖరు. ఆ సర్టిఫికెట్ లేకుండా 1939 కాదు, నిన్న కొట్టిన నాణేన్ని కూడా కస్టమ్స్ వాళ్లు అనుమానం వస్తే ఆపి ఏఎస్‌ఐకి పంపుతారు, అక్కడ వారాలు పోతాయి.

తర్వాత అమ్మకానికి పంపుతున్నారు కాబట్టి ఐఈసీ నంబరు, అంటే ఎగుమతి దిగుమతులు చేసేవాళ్ల కోడ్ కావాలి. విదేశీ వాణిజ్య శాఖ (డీజీఎఫ్‌టీ) సైట్‌లో అయిదు వందల రూపాయల ఫీజు. బ్యాంకులో డబ్బు వచ్చినప్పుడు ఎగుమతి కాగితాలు అడుగుతారు, అవి దాచుకోండి.

మోసేవాళ్లు ఎవరంటారా, మామూలు తపాలా, మామూలు కొరియర్ మర్చిపోండి. బీమా లేని విదేశీ పార్సిళ్లలో నాణేలు పెట్టకూడదని ప్రపంచ తపాలా సమాఖ్య నియమాల్లోనే ఉంది. పెద్ద కొరియర్ కంపెనీల నిషేధ జాబితాల్లోనూ డబ్బు, నాణేలు ఉంటాయి. వాళ్లకి తెలియకుండా పెట్టి పోగొట్టుకుంటే పైసా రాదు. బ్రింక్స్, మల్కా అమిత్ లాంటి విలువైన సరుకు రవాణా చేసేవాళ్లున్నారు, వజ్రాల వ్యాపారులు వాడేది వాళ్లనే. ఒక్క నాణేనికి ఆ ఖర్చు గిట్టదు. అందుకే వేలం సంస్థనే అడగండి, చాలామంది ముంబై ప్రదర్శనలకి వచ్చినప్పుడు సరుకు కలిపి తీసుకెళ్లే ఏర్పాటు చేసుకుంటారు, కాగితాలు మాత్రం మీ పేరున మీవే ఉండాలి.

డల్లాస్_శ్రీను
నేను అమెరికాలో కొన్న నాణేలు ఇక్కడే వేలానికి ఇస్తుంటాను, ప్యాకింగ్ సంగతి అడిగారు కాబట్టి చెప్తా, ఏ దేశంలోనైనా పనికొస్తుంది. డల్లాస్‌లో హెరిటేజ్ వేలం సంస్థ ఆఫీసు ఉంది, అక్కడికైతే నేరుగా పట్టుకెళ్తా. ఇస్లామిక్, ఇండియన్ నాణేలకి కాలిఫోర్నియాలో శాంటా రోసాలో స్టీఫెన్ ఆల్బమ్ వాళ్లు పేరున్నవాళ్లు, వాళ్లకి పోస్టులో రిజిస్టర్డ్‌గా పంపుతా. దేశం లోపల యాభై వేల డాలర్ల వరకు దానికి బీమా ఉంటుంది. నత్తనడక, కానీ చేతులు మారిన ప్రతిచోటా సంతకం ఉంటుంది.

మెరిసే ప్లాస్టిక్ టేపు వేస్తే కౌంటర్లో తీసుకోరు. నీళ్లు తడిపి అంటించే గోధుమరంగు కాగితం టేపే వాడాలి, ప్రతి అతుకు మీదా వాళ్లు గుండ్రటి ముద్ర సగం టేపు మీద సగం డబ్బా మీద పడేలా గుద్దుతారు. ఎవరన్నా విప్పితే ముద్ర చెదిరిపోతుంది. లోపల ఒక్కో నాణెం విడి కవర్లో, పీవీసీ లేని కవర్లో, వాసన చూస్తే కొత్త రెయిన్‌కోట్ వాసన వస్తే అది పీవీసీ, వాడొద్దు, కొన్నాళ్లకి పచ్చటి జిడ్డు పడుతుంది. కవర్లన్నీ రెండు అట్టల మధ్య పెట్టి బిగించి టేపు వేయాలి. డబ్బా చెవి దగ్గర పెట్టి ఊపితే చప్పుడు రాకూడదు. పైన "నాణేలు", "వేలం" లాంటి మాటలు ఉండకూడదు, గ్రహీత పేరులో "కాయిన్స్" అని ఉంటే పొట్టి పేరు ఏం రాయాలో వాళ్లే చెప్తారు.

విజయనగరం_సీత
మా అమ్మమ్మ కాసులపేరులో విక్టోరియా కాసులు ఉన్నాయి. పెళ్లికి మా అక్క న్యూజెర్సీ వేసుకెళ్దామనుకుంటోంది. ఇది చదివి ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంది.

పాతరూపాయి
మెళ్లో వేసుకున్న నగని ఎవరాపుతారండీ. వేలానికి కాదుగా.

సుంకం_మామయ్య
చట్టం అక్షరం చూస్తే కాసు కూడా నాణెమే, సవరన్ (బ్రిటిష్ బంగారు కాసు) మీద సంవత్సరం కూడా ఉంటుంది. ఆచరణలో నగలుగా చూస్తారనే పాతరూపాయి మాట కొట్టిపారేయను, కానీ నేను రాతపూర్వకంగా భరోసా ఇవ్వలేను. పెళ్లయ్యాక వెనక్కి తెస్తారు కాబట్టి, వెళ్లేటప్పుడే ఎయిర్‌పోర్టు కస్టమ్స్‌లో చూపించి ఎగుమతి సర్టిఫికెట్ తీసుకోండి, వచ్చేటప్పుడు సుంకం గొడవ ఉండదు. అక్కడే కాసుల వయసు మాట కూడా తేలిపోతుంది. మనసు పీకుతుంటే కొత్త కాసులపేరు వేసుకెళ్లమనండి.

చార్మినార్_ఐన్
సేకరించేవాళ్ల దృష్టిలో కొక్కీ అతికిన కాసుకి అదనపు విలువ ఉండదు, బంగారం ధరే. కాబట్టి సీత గారి అమ్మమ్మగారిది వేలం సరుకు కాదు, మెడ సరుకే. హాయిగా ఉంచుకోండి.

తెనాలి_రామ్
నిన్న రాత్రంతా నేనూ అమ్మా కూర్చుని చదివాం. అష్రఫీ మీద 1337. చార్మినార్ రూపాయల్లో ఎక్కువ భాగం 1330 నుంచి 1343 లోపు, ఆరు మాత్రం 1362, 1364. బ్రిటిష్ వాటిలో విక్టోరియా, ఎడ్వర్డ్, ఐదో జార్జి 1912 నుంచి 1920 దాకా. ఆరో జార్జివి తొమ్మిది. అంటే లండన్ వాళ్లు ఇష్టపడ్డ అష్రఫీయే వెళ్లకూడదన్నమాట. చెల్లెలికి చెప్తే ఉసూరుమంది.

సుంకం_మామయ్య
అంతే. అష్రఫీ ఇక్కడే ఉంటుంది. 1362, 1364 రూపాయలు పంపొచ్చు కానీ ఆ ఖర్చుకి అవి తూగవు.

పాతరూపాయి
ఉసూరుమనక్కర్లేదు. లండన్ గది నిండా చెయ్యెత్తేది ఎవరనుకుంటున్నారు? హైదరాబాద్ అష్రఫీకి పాడేది ఎక్కువగా మనవాళ్లే, ముంబై నుంచో అహ్మదాబాద్ నుంచో. అక్కడ కొంటే తెచ్చుకోవడానికి ఖర్చు, సుంకం ఉంటాయని అంత తగ్గించి పాడతారు. అదే నాణెం ఇక్కడి వేలంలో ఉంటే ఆ భయం లేదు. ముంబైలో తోడీవాలా, ఓస్వాల్, అహ్మదాబాద్‌లో క్లాసికల్ న్యూమిస్మాటిక్ గ్యాలరీ, బెంగళూరులో మరుధర్ ఆర్ట్స్, వీళ్లంతా క్రమంగా వేలాలు పెడతారు. పురావస్తువుల వ్యాపారానికి ఏఎస్‌ఐ లైసెన్సు కావాలి, ఉందా అని అడగండి. దేశం లోపల అమ్ముకోడానికి మీకు ఏ అడ్డూ లేదు. నాణేలు రిజిస్టర్ చేయించాల్సిన జాబితాలో కూడా లేవు, ఆ జాబితా విగ్రహాలు, చిత్రాలు, బొమ్మలున్న రాతప్రతులకి.

కర్నూలు_వజ్రం
ఇక్కడి వేలంలో కమీషన్ ఎంత మింగుతారో అది కూడా చెప్పు.

పాతరూపాయి
ఎక్కడైనా మింగుతారు. అమ్మేవాడి దగ్గర కొంత, కొనేవాడి దగ్గర పైనుంచి కొంత. లండన్‌లో కొనేవాడి మీద ఇరవై శాతం పైన వేసేవాళ్లున్నారు. అందుకే సుత్తి పడ్డ ధర కాదు, చేతికొచ్చేదెంత అని అడిగి కాగితం మీద తీసుకోవాలి. అష్రఫీకి కనీస ధర పెట్టించుకోండి, దానికి తగ్గితే వెనక్కి ఇచ్చేలా. ఇచ్చేటప్పుడు రసీదులో ప్రతి నాణెం సంవత్సరం, మిల్లీగ్రాముల దాకా బరువు, అంచు ఫొటోతో సహా రాయించండి. మాసిన గుర్తులు, చిన్న గాట్లు అన్నీ ఫొటోలో పడాలి. "మీరిచ్చింది ఇది కాదు" అనే గొడవ ఒక్కసారి వస్తే తేలదు.

చార్మినార్_ఐన్
అన్నిటికంటే ముఖ్యమైనది ఎవరూ చెప్పలేదు. కడగొద్దు! చింతపండు, సబీనా, విభూతి, ఏదీ వద్దు. వెండి మీద నల్లగా, నీలంగా పట్టిన పొరే దాని వయసుకి సాక్ష్యం. తోమిన రూపాయిని తూకం వెండిగానే కొంటారు. చార్మినార్ రూపాయిలో 11.18 గ్రాములకి 81.8 శాతమే వెండి, తొమ్మిది గ్రాముల పైచిలుకు. తోమితే మిగిలేది ఆ విలువే.

తెనాలి_రామ్
అయ్యో, అమ్మ ఏటా దీపావళికి లక్ష్మీపూజలో పదిహేను రూపాయలు చింతపండుతో తోమి పెడుతుంది. మిగతా సంచి ముట్టుకోలేదు.

భాగ్యనగరం_లత
ఆ పదిహేనూ అమ్మగారికే వదిలేయండి, వాటి పని అవి చేస్తున్నాయి.

డల్లాస్_శ్రీను
పూజ నాణేలైతే అమ్మినా ట్యాక్స్ ఉండదంటారు కదా, సొంత వాడకం వస్తువుల కింద?

సుంకం_మామయ్య
ఆ వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ధోల్‌పూర్ రాజావారు మహాలక్ష్మి పూజకి వాడుతున్నామని బంగారు సవరన్లు, వెండి రూపాయల గురించి అదే చెప్పారు. 1976లో కోర్టు ఒప్పుకోలేదు. పూజలో పెట్టినంత మాత్రాన సొంత వాడకం వస్తువు కాదంది. రామ్ అమ్మితే లాభం మీద పన్ను కట్టాలి, ఇప్పుడు దీర్ఘకాలిక లాభానికి 12.5 శాతం. 2001కి ముందు నుంచి ఇంట్లో ఉన్నవే కాబట్టి 2001 ఏప్రిల్ 1 నాటి ధరని కొన్న ధరగా చూపించుకోవచ్చు. దానికి ఒక వాల్యుయర్ రిపోర్టు రాయించుకోండి. తాతగారి ఆస్తి కాబట్టి మీ నాన్నగారి తోబుట్టువుల సంతకాలు కూడా ముందే తీసుకోండి.

పల్నాటి_పులి
మా పొలంలో ట్రాక్టర్ దున్నుతుంటే చిన్న బంగారు నాణేలు రెండు బయటపడ్డాయి, గింజలంత ఉన్నాయి, పంది బొమ్మ ఉందేమో అనిపిస్తోంది. వీటిని...

సుంకం_మామయ్య
ఆగండి. ఫొటో కూడా ఇక్కడ పెట్టకండి. నేలలో దొరికినదానికి ఇంకో చట్టం, 1878 నిధి నిక్షేపాల చట్టం. పది రూపాయలకి మించిన విలువ ఉంటే దొరికినవాడు కలెక్టర్‌కి తెలపాల్సిందే. ఎమ్మార్వో ఆఫీసుకి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. దొరికినవాడికీ భూమి యజమానికీ వాటా, పరిహారం ఏర్పాట్లు ఆ చట్టంలోనే ఉన్నాయి. దాచితే వాటా పోతుంది, కేసు కూడా అవుతుంది.

పాతరూపాయి
పులి గారూ, మామయ్య మాట వినండి, నిజంగా చెప్తున్నా. నేలలోంచి వచ్చినది ఏ చోట, ఎంత లోతులో, దేనితో కలిసి దొరికిందో తెలిస్తేనే చరిత్రకి పనికొస్తుంది. కోటిలింగాలలో శాతవాహనుల తొలినాటి నాణేలు దొరికిన చోటు తెలిసింది కాబట్టే అంత చర్చ జరిగింది. అదే నాణెం ఎవరో చోటు చెప్పకుండా విదేశంలో అమ్మితే ఒట్టి లోహపు ముక్కే.

పల్నాటి_పులి
సరే, రేపు మండల ఆఫీసుకి వెళ్తాను. మా నాన్న కూడా అదే అన్నాడు.

లండన్_గోదారి
రామ్ గారి చెల్లెలికి ఒక మాట. ఇక్కడ మీకు అంచనా ఇచ్చిన సంస్థకి "ఇండియా ఎగుమతి నియమాల వల్ల పంపడం లేదు" అని ఒక్క లైను మెయిల్ పెట్టేయండి. గౌరవంగా తీసుకుంటారు. ఇప్పుడు ఇక్కడ, యూరప్‌లో కూడా పుట్టినచోటు కాగితాల మీద పట్టు పెరిగింది. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ నుంచి కొత్త నిబంధన పూర్తిగా అమలవుతోంది. రెండు వందల ఏళ్లు దాటి, పద్దెనిమిది వేల యూరోలు పైబడిన నాణేలకి దిగుమతిదారు ప్రకటన ఇవ్వాలి, సొంత దేశం నుంచి అక్రమంగా దాటినవైతే అసలు ప్రవేశమే లేదు. కాబట్టి ఇండియాలో ఎక్స్‌రే తప్పించుకున్నా ఇటువైపు కాగితాల దగ్గర ఆగొచ్చు.

కర్నూలు_వజ్రం
మా ఫ్రెండ్‌కి ఈ చర్చ లింకు పంపాను. కవర్లు ఆపేస్తానన్నాడు. ముంబై ప్రదర్శన ఎప్పుడో కనుక్కోమన్నాడు.

అనకాపల్లి_బెల్లం
పాతరూపాయి గారూ, అంచు చూశా. నిలువు గీతలే. 9 చుట్టూ కూడా నేల ఒకేలా ఉంది. గుండె కొట్టుకుంటోంది.

పాతరూపాయి
మంచి మాట. అయినా మీరూ నేనూ ఫొటోలో తేల్చేది కాదు. దాన్ని మెత్తటి కవర్లో పెట్టండి, వేళ్లతో అంచు మాత్రమే పట్టుకోండి, నేరుగా ఒక వేలం సంస్థ బల్ల మీద పెట్టి చూపించండి. ఇంటికొచ్చి చూస్తాం అనేవాళ్లని రానీయకండి. "మీ నాణేనికి లక్షలు, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అని ఫోన్ వస్తే పెట్టేయండి. రిజర్వ్ బ్యాంకు పేరు వాడుకుని కమీషన్ అడిగేవాళ్లున్నారని 2021లో ఆ బ్యాంకే హెచ్చరించింది.

తెనాలి_రామ్
బెంగళూరు వాళ్లతో మాట్లాడాను. లైసెన్సు నంబరు అడిగితే వెంటనే చెప్పారు. అష్రఫీ, 1330ల రూపాయల్లో బాగున్న పన్నెండు తీసుకుంటామన్నారు, మిగతావి విడి లాటు కింద, అంటే ఒకే పాటలో కలిపి. పోస్టులో వద్దు, మీరే తెండి అన్నారు. బాబాయిల సంతకాల కాగితం రాయిస్తున్నాను. ఇంతకీ రైల్లో తీసుకెళ్లొచ్చా, బస్సులోనా?

సుంకం_మామయ్య
రైలు. సంచి ఒళ్లోనే ఉండాలి. జాబితా, ఫొటోలు ఒక కాపీ మీ దగ్గర, ఒకటి ఇంట్లో. దారిలో పోలీసులు అడిగితే చూపించడానికి తాతగారి పెన్షన్ కాగితం, కుటుంబ సభ్యుల అంగీకార పత్రం జతలో పెట్టుకోండి.

డల్లాస్_శ్రీను
డబ్బా ఊపి చూడటం మర్చిపోకండి.

తెనాలి_రామ్
ఊపాను. చప్పుడు లేదు. వేలం కేటలాగ్ వచ్చాక లాటు నంబరు ఇక్కడే పెడతాను.